పేరు దాచుకున్న దొరసాని

జహీరాబాద్‌లో మా సండేస్కూల్లో కథ ఎక్కడ మొదలైనా ఎక్కడికి చేరుతుందో మాకు ముందే తెలిసిపోయేది. అబద్ధమాడిన పిల్లకు జబ్బు చేస్తుంది, చెప్పినమాట విన్న పిల్లకు దీవెన దొరుకుతుంది. ఎదురు ప్రశ్న వేసే పిల్ల మాత్రం ఏ కథలోనూ ఉండేది కాదు. ఈ అచ్చు ఎక్కడిదా అని వెతుక్కుంటూ పోతే ఎదురైన రచయిత్రుల్లో ఒకరు షార్లెట్ మరియా టకర్.

పుస్తకాల మీద ఆమె పేరుండదు. ‘ఎ.ఎల్.ఓ.ఇ.’ అని నాలుగక్షరాలు. ‘ఇంగ్లండుకు చెందిన ఒక దొరసాని’ అన్నదానికి పొడి రూపం. ఆమె 1821లో పుట్టింది. తండ్రి హెన్రీ టకర్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల సభకు ఛైర్మన్‌గా చేసినవాడు. మన దేశం మీద పెత్తనం చేసిన ఆ ఇంట్లో, పెళ్లికాని కూతురు పేదల వర్క్‌హౌస్‌కు వెళ్లాలన్నా తండ్రి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు చాలాకాలం దొరకలేదు. ఆయన 1851లో పోయాడు. ఆమె మొదటి పుస్తకం ‘క్లేర్‌మాంట్ టేల్స్’ 1852లో వచ్చింది. ఆ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ తర్వాత వందకు పైగా పుస్తకాలు రాసింది. 1857 నాటి ‘ది రాంబుల్స్ ఆఫ్ ఎ రాట్’లో కథ చెప్పేది ఒక ఎలుక. లండన్ పేదపిల్లల బతుకు అందులో కనిపిస్తుంది. ఆ ఆకలి నిజమైనదే. దానికి ఆమె దగ్గరున్న మందు మాత్రం దయా, భక్తీ. అదే ఏడు తిరుగుబాటులో ఆమె సోదరుడు రాబర్ట్ ఫతేపూర్‌లో హతుడయ్యాడు. అతని పిల్లల్ని చూసుకున్నది కూడా ఈమే.

1875లో, 54 ఏళ్ల వయసులో, హిందుస్తానీ నేర్చుకుని సొంత ఖర్చులతో పంజాబ్ వచ్చింది. మా ఊరి సందుల్లో వినిపించే దక్కనీకి దగ్గరి చుట్టమే ఆ భాష. మొదట అమృత్‌సర్‌లో, తర్వాత బటాలాలో ఉండి జనానాలకు తిరిగింది, స్థానిక భాషల్లోకి మార్చడానికి చిన్నచిన్న కథలు రాసింది. జనానాల చీకట్లోకి వెలుగు తీసుకుపోతున్నామన్నది ఆనాటి మిషనరీల మాట. మరి లండన్‌లో తానున్న ఇంటిని ఏమనాలి? (మన వీరేశలింగం గారు 1883లో పెట్టిన పత్రికకూ ‘సతీహితబోధిని’ అనే పేరు. బోధ వినే వంతు ఎప్పుడూ మనదే.)

అయినా ఆమెను పూర్తిగా తోసెయ్యలేను. మాల మాదిగ వాడల్లో ఎందరో ఆడపిల్లల చేతికి మొదట అందిన అచ్చుపుస్తకం మిషన్ వాళ్లదే. మా అమ్మ కూడా అలాంటి కథలతోనే అక్షరాలు కూడబలుక్కుంది. చివర్లో ఉండే నీతిని మాత్రం చదవకుండా పుస్తకం మూసేసేది, మాకూ అదే అలవాటైంది.

1893 డిసెంబర్ 2న షార్లెట్ అమృత్‌సర్‌లో చనిపోయింది. బటాలాలో పూడ్చారు. శవపేటిక వద్దని, ఖర్చు ఐదు రూపాయలు దాటకూడదని ముందే చెప్పి ఉంచింది. ఈసారి ఆమె మాటే చెల్లింది.