మాటలకంటే ముందే పుట్టిన బాణీ

‘ట్వింకిల్ ట్వింకిల్’ ముగించిన నోటితోనే ఎల్‌కేజీ పిల్లలు ఏబీసీడీలు అందుకుంటారు. మాటలు మారతాయి, బాణీ మారదు. ‘బా బా బ్లాక్ షీప్’ కూడా దాదాపు ఆ వరసే. ఈ మూడింటిలో ఏ ఒక్కదాని కోసమూ కట్టిన బాణీ కాదది.

అది ఫ్రాన్స్‌ది. 1761లో పారిస్‌లో అచ్చయినప్పుడు దానికి మాటలే లేవు. తర్వాత చేరిన ఫ్రెంచి మాటల్లో ఒక పడుచుపిల్ల తన వలపు బాధను తల్లితో చెప్పుకుంటుంది. పసిపిల్లల ఊసే లేదు! బాణీ కట్టింది మొత్సార్ట్ అని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. 1761 నాటికి ఆయనకు ఐదేళ్లు. పాతికేళ్ల వయసులో వియన్నాలో దాన్ని తీసుకుని పన్నెండు రకాలుగా విస్తరించి పియానో రచన చేశాడు. 1785లో అది అచ్చయ్యాక బాణీ కూడా ఆయన ఖాతాలోకే చేరిపోయింది.

‘ట్వింకిల్ ట్వింకిల్’ అనే నక్షత్రం పద్యం జేన్ టేలర్ రాసింది. అక్క ఆన్‌తో కలిసి 1806లో లండన్‌లో వెలువరించిన పుస్తకంలో ఉంది. ఆ పద్యమూ ఈ బాణీ కలిసి అచ్చులో కనిపించేది 1838లో. అక్షరమాల పాటకు అంతకు మూడేళ్ల ముందే బోస్టన్‌లో కాపీరైట్ తీసుకున్నారు.

ఇన్ని మాటలను మోయగల బలం ఈ బాణీ నడకలోనే ఉంది. మన స్వరాల్లో ససపప దదప, మమగగ రిరిస. ఒక్కో స్వరం రెండేసిసార్లు పలుకుతుంది. షడ్జం నుంచి పంచమానికి ఒక్క గెంతు, ధైవతాన్ని తాకి మెట్టుమెట్టుగా దిగడం. నిషాదం జోలికే పోదు. పసిగొంతు ఎక్కడా తడబడదు.

మద్రాసు కోటలో ఇంగ్లిష్ బ్యాండు మోగే రోజుల్లో ముత్తుస్వామి దీక్షితులు ఆ దగ్గర్లోని మణలిలో ఉండేవారు. ఆ కోటలో విన్న పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం రాశారు. అవే నోటుస్వరాలు. వాటిలో ‘శ్యామళే మీనాక్షి’ అచ్చంగా మన ఎల్‌కేజీ పాట బాణీయే! దీక్షితులు 1835లో కన్నుమూశారు. అంటే నక్షత్రం పద్యం ఈ బాణీతో అచ్చెక్కకముందే మధుర మీనాక్షి స్తుతి దాని మీద సాగింది.

ఆ కుటుంబానికే చెందిన సుబ్బరామ దీక్షితులు 1905లో తెలుగులో వెలువరించిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో నోటుస్వరాలకు చోటిచ్చారు. సంగీతంలో తొలి అడుగు వేసే పిల్లలకు వాటిని నేర్పే గురువులు నేటికీ ఉన్నారు.