ఫోన్‌లో ఇస్లాహ్

బొమ్మలు గీయడం దూరం నుంచి నేర్పొచ్చా? 2020లో బడులు మూతపడ్డప్పుడు చోడవరంలో మా ఆపా ఇంట్లో ఈ సవాల్ వచ్చింది. చోడవరం అప్పటికి విశాఖపట్నం జిల్లాలోదే. 2022లో అనకాపల్లి జిల్లాలో కలిసింది.

దూరం నుంచి తాలీమ్ మనకు కొత్త కాదు. షాగిర్ద్ రాసింది ఉస్తాద్ దిద్దడాన్ని ఇస్లాహ్ అంటాం కదా. మీర్జా గాలిబ్ ఢిల్లీలో కూర్చుని, టపాలో వచ్చిన గజళ్లకు ఇస్లాహ్ చేసి తిప్పి పంపేవారు. హైదరాబాద్‌లో ఉన్న హబీబుల్లా జకా కూడా ఆయన షాగిర్దే. అయితే గజల్ అంటే లఫ్జులు, కాగితం మీద అవి ఎంత దూరమైనా వెళ్తాయి. చేతి హునర్ సంగతి వేరు. మా ఉర్దూ మీడియం బడిలో ఖుష్‌ఖతీ నేర్పిన ఉస్తాద్ నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి ఖలం వాలు సరిచేసేవారు. తర్వాత ఎర్ర సిరాతో అలిఫ్ ఎక్కడ వంగిందో చూపేవారు.

1975 ఆగస్టు 1న సైట్ ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వాటిలో ఉన్నాయి. కానీ టీవీ చూపిస్తుంది, పిల్లాడి కాగితాన్ని చూడదు. 2020లో సప్తగిరి ఛానెల్ విద్యావారధి పాఠాలకూ అదే హద్దు. మా భాంజీ వాటిలో లెక్కలు, సైన్సు శ్రద్ధగా చూసేది. డ్రాయింగ్ గురించి ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇమ్తెహాన్ లేని సబ్జెక్టు మన ఇళ్లలో సబ్జెక్టే కాదు మరి! 2009 విద్యాహక్కు చట్టం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళలు నేర్పే పార్ట్‌టైమ్ టీచరు ఉండాలంది. అది ఎంతమంది అమ్మీ అబ్బాలకు తెలుసు?

అడిగింది భాంజీయే. వాళ్ల వీధిలో ఉండే రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, ఇంట్లో ఉన్న వస్తువు చూసి గీసి వాట్సాప్‌లో ఫోటో పంపమన్నారు. ఆమె ఏటికొప్పాక లక్క గిన్నె గీసింది. పక్కనుంచి చూస్తే గిన్నె మూతి కోలగా కనిపించాలి, ఈమె పూర్తి గుండ్రంగా వేసింది. మాస్టారు ఆ ఫోటో మీదే వేలితో ఎర్ర గీత గీసి తిప్పి పంపారు. నాకు మా ఉస్తాద్ ఎర్ర సిరా యాద్ వచ్చింది.

రెండో బొమ్మలో మూతి కోలగానే వచ్చింది. కానీ ఫోన్ వాల్చి ఫోటో తీస్తే గుండ్రం కూడా కోలగానే కనిపిస్తుంది. మారింది చెయ్యా, కెమెరానా? మాస్టారికి షక్ వచ్చింది. కాగితాన్ని నేల మీద పరిచి, మూలన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయమన్నారు. బిళ్ళ గుండ్రంగా కనిపిస్తే ఫోటో సరైనది, లేకపోతే మళ్లీ తీయాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్. మా దుల్హాభాయ్ దుకాణం నుంచి వచ్చాకే ఇస్లాహ్.

నా ఖుష్‌ఖతీ కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది, ఎర్ర సిరాతో సహా. ఆ ఫోన్ మాత్రం పాడైంది, మాస్టారి గీతలన్నీ దాంతోపాటే పోయాయి. భాంజీ కాపీలో ఆమె బొమ్మలున్నాయి. బిళ్ళ కదలకుండా చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్న చిన్న గుండ్రం ప్రతి పేజీ మూలనా ఉంది.