నిమిషానికోసారి మేలుకొన్న ప్రోగ్రామ్: క్రాన్ పుట్టుపూర్వోత్తరాలు

నెలనెలా బిల్లు గడువు గుర్తుచేసే మెసేజ్, రోజూ అర్ధరాత్రి జరిగే బ్యాకప్, ప్రతి సోమవారం వచ్చే రిపోర్ట్. సర్వర్లలో ఇలాంటి పనులను వేళకు మొదలుపెట్టేది చాలాచోట్ల క్రాన్ అనే ప్రోగ్రామే. 1979లో బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లో అది ఉంది.

అప్పట్లో దాని పని తీరు సాదాసీదా. నిమిషానికోసారి మేలుకొని గడియారం చూసేది. క్రాన్‌టాబ్ అనే పట్టికలో ఆ నిమిషానికి పనేదైనా రాసి ఉంటే మొదలుపెట్టి, మళ్లీ పడుకునేది. పట్టికలో పనికో వరుస. వరుస మొదట్లో ఐదు గడులు: నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో ఏ రోజు. ఏదైనా ఫర్వాలేదనుకున్న గడిలో నక్షత్రం గుర్తు. ‘0 9 * * 1’ అంటే ప్రతి సోమవారం ఉదయం 9 గంటలకు. కిందటిసారి ఎప్పుడు చేశానన్న లెక్క దానికి అక్కర్లేదు. ఈ క్షణం వరుసతో సరిపోతోందా లేదా, అంతే.

ఆ యూనిక్స్‌లోనే క్యాలెండర్ అనే మరో ప్రోగ్రామ్ ఉండేది. గుర్తుంచుకోవలసినవాటిని తేదీతో సహా ఒక ఫైల్లో రాసుకుంటే చాలు. తెల్లవారుజామున క్రాన్ దాన్ని లేపేది. అది అందరి ఫైళ్లూ వెతికి, ఆనాటివీ మర్నాటివీ ఎవరివి వాళ్లకు మెయిల్ చేసేది. వారాంతంలోనైతే సోమవారం దాకా ఉన్నవి కూడా పంపేది.

చిక్కల్లా ఆ నిమిషం నిమిషం మేలుకోవడంతోనే. 1979లో పర్‌డ్యూ యూనివర్సిటీలో వంద మంది పంచుకునే వ్యాక్స్ కంప్యూటర్‌లో ప్రతి ఒక్కరికీ క్రాన్ ఇవ్వాలనుకున్నారు. పట్టికలు పెరిగితే మెషీన్ మీద భారం పెరుగుతుంది. అక్కడి రాబర్ట్ బ్రౌన్ పరిష్కారాన్ని సిమ్యులేషన్ పరిశోధనలోంచి తెచ్చాడు. జరగబోయే పనులను వేళల వరుసలో పేర్చి, అన్నిటికన్నా ముందు రాబోయే పని దాకా ప్రోగ్రామ్‌ను నిద్రపుచ్చాడు.

1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ లినక్స్ లోకంలో బాగా పాతుకుపోయింది. అయితే నిర్ణీత వేళకు మెషీన్ ఆగి ఉంటే ఆ పని తప్పిపోయినట్టే. రాత్రుళ్లు ఆపేసే కంప్యూటర్ల కోసం అనాక్రాన్ వచ్చింది. చివరిసారి పని జరిగిన తేదీ రాసుకుని, బాకీ ఉంటే తీరుస్తుంది. గడియారం ఎక్కడిదన్నదీ చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఉదయం 6 గంటలకు మెసేజ్ రావాలంటే, యూటీసీ కాలంతో నడిచే సర్వర్‌లో ‘30 0 * * *’ అని రాయాలి. ‘0 9 13 * 5’ అని రాసి 13వ తేదీ శుక్రవారమైనప్పుడే అనుకుంటే పొరపాటు. ప్రతి 13వ తేదీకీ, ప్రతి శుక్రవారానికీ అది నడుస్తుంది.

‘నెలలో చివరి శుక్రవారం’ అని చెప్పడానికి మామూలు ఐదు గడులు చాలవు. 1998లో వచ్చిన ఐక్యాలెండర్ ప్రమాణంలో అందుకు విడిగా నియమాలున్నాయి. ఎన్ని నిమిషాల ముందు గుర్తుచేయాలో కూడా అందులోనే రాయొచ్చు.

ఫోన్ల కాలానికి మేలుకోవడమంటే బ్యాటరీ ఖర్చు. 2013లో ఆండ్రాయిడ్ 4.4 నుంచి, మామూలు అలారాలను దగ్గర దగ్గర వేళలవైతే కలిపి ఒకేసారి మోగించడం మొదలైంది. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చాక, కచ్చితమైన వేళ కావాలనుకునే యాప్ అందుకు ప్రత్యేక అనుమతి కావాలని ప్రకటించుకోవలసి వచ్చింది. మందు వేసుకోమని చెప్పే అలారం నిమిషం తప్పకూడదు. వార్తల అలర్ట్ పావుగంట ఆగినా నష్టం లేదు. ఆ తేడాను ముందే తేల్చి చెప్పడం ఇప్పుడు ప్రోగ్రామ్ రాసేవారి బాధ్యత.