రైలును చంపింది కారేనా?

అట్లాంటిక్ నడుమ ఉన్న బెర్ముడా దీవులు 1908లో కార్లను నిషేధించాయి. 1931లో అక్కడికి రైలొచ్చింది. 1946లో కార్లకు అనుమతి దొరికింది. 1948లో రైలు ఆగిపోయింది. ఈ వరుస చూస్తే రైలును కారే మింగేసిందనిపిస్తుంది. ఆధారాలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి.

మొదటిది ఒక అర్జీ. కార్లు రానివ్వొద్దని 1908లో అక్కడ విడిది చేసిన, తర్వాత అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ రాశాడు, రచయిత మార్క్ ట్వైన్ సంతకం పెట్టాడు. ప్రశాంతత కోసం వచ్చే సందర్శకులే ఆ దీవులకు బతుకుతెరువు. కాబట్టి నిషేధం ఆషామాషీగా పెట్టింది కాదు, దాన్ని సులువుగా వదులుకోరు.

రెండోది పట్టాల దారి. భూయజమానులు స్థలం ఇవ్వనందున లైను చాలాచోట్ల తీరం వెంటే సాగింది. సుమారు 35 కిలోమీటర్లకు 33 వంతెనలు! ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, కలప చివుకుతుంది. ఏటా మరమ్మతు చేయకపోతే అలాంటి దారి నిలవదు.

మూడోది యుద్ధం. 1941లో అమెరికా సైనిక స్థావరాల పని మొదలైంది. రైళ్లు సైనికులతో, కూలీలతో కిక్కిరిశాయి. విడిభాగాలు దొరకలేదు, మరమ్మతులు వాయిదా పడ్డాయి. అదే సమయంలో సైనిక వాహనాలు రోడ్డెక్కాయి. మోటారు బండి ఎంత సుఖమో జనం కళ్లారా చూశారు.

నాలుగోది అమ్మకం. యుద్ధం ముగిశాక రైల్వే ప్రభుత్వం చేతికొచ్చింది. బాగుచేయడానికి అయ్యే ఖర్చు చూసి వెనకడుగు వేసి, దాన్ని బ్రిటిష్ గయానాకు అమ్మేసింది.

ఇప్పుడు ముడి విడిపోతుంది. కారు వచ్చేనాటికే రైలు కుదేలైంది. జనం దాన్ని వదిలేయలేదు. అందరూ దాన్నే నమ్ముకున్న రోజుల్లో దాని బాగోగులు చూసే దిక్కు లేకపోయింది. ఆ ఖాళీలోకి కారొచ్చింది.

ఇంటికి ఒకే సొంత కారు అన్న నియమం బెర్ముడాలో ఇప్పటికీ ఉంది. అది మంచి నియమమే, కానీ కోల్పోయిన రైలుకు బదులు కాలేదు. చుట్టూ సముద్రమున్న చోట రోడ్డును ఎంతని వెడల్పు చేస్తారు? బస్సయినా, రైలయినా, పడవయినా ప్రారంభించే రోజే మరమ్మతుల నిధినీ చట్టంలో రాసిపెట్టాలి. కార్ల మీద ఎన్ని ఆంక్షలు పెట్టినా, ఈ ఒక్క పని చేయని దీవి చివరికి కార్లకే లొంగుతుంది.