పండితుడూ, పాటా, ప్రభుత్వమూ

సాహిత్య చరిత్రకు ఆధారం ఏమిటంటే మనం విద్యార్థులకు చెప్పే జవాబు సాధారణంగా ఒకటే: రాతప్రతి, దాని పరిష్కర్త. ఈ జవాబు సగం నిజం మాత్రమేనని నేననుకుంటాను. స్పానిష్ సాహిత్య పండితుడు రామోన్ మెనెండెత్ పిడాల్ (1869–1968) జీవితం అందుకు మంచి రుజువు.

ఆయన మొదలుపెట్టింది రాతప్రతితోనే. మధ్యయుగపు వీరగాథ ‘సిద్ కావ్యం’ భాషపై చేసిన పరిశోధనకు స్పానిష్ అకాడమీ బహుమతి వచ్చింది. 1899లో, ముప్ఫై ఏళ్ల వయసులో, మాడ్రిడ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. మరుసటి ఏడు మరియా గోయ్‌రిని పెళ్లాడాడు. ఆమె కూడా విశ్వవిద్యాలయంలో చదివిన పండితురాలు. స్త్రీలకు ఆ తలుపులు తెరుచుకోని రోజుల్లో పట్టుబట్టి చదువుకుంది. సిద్ దేశబహిష్కృతుడై వెళ్లిన దారి వెంట ఆ దంపతులు ప్రయాణం చేశారు.

ఎల్ బుర్గో దె ఓస్మా అనే ఊళ్లో, బట్టలుతికి బతికే ఒక స్త్రీతో వాళ్లకు మాటలు కలిశాయి. మరియా ఒక పాత కథాగేయం వినిపించింది. అది తనకూ వచ్చునంటూ ఆ స్త్రీ మరికొన్ని పాడింది. అందులో ఒకటి 1497లో మరణించిన రాకుమారుడు హువాన్ గురించినది. అచ్చయిన ఏ సంపుటంలోనూ లేని పాట! కాస్టీల్ ప్రాంతంలో ఈ గేయాలు జనం నోట నశించాయని పండితులు తేల్చేసిన కాలమది. అక్షరం ఆసరా లేకుండా నాలుగు వందల ఏళ్లు ఆ పాటను కాపాడింది శ్రమజీవులే.

అక్కణ్ణుంచి పిడాల్ దంపతులు జీవితమంతా ఈ గేయాలు సేకరించారు. ‘మూలపాఠం ఒక్కటే, తక్కినవన్నీ అపపాఠాలు’ అనే పరిష్కర్తల సూత్రం పాటకు చెల్లదనీ, అది పాఠాంతరాల్లోనే బతుకుతుందనీ పిడాల్ వాదించాడు. 1910లో ఏర్పడిన చారిత్రక అధ్యయన కేంద్రానికి నాయకుడై ఒక తరం పండితులను తయారు చేశాడు.

1936లో అంతర్యుద్ధం వచ్చింది. పిడాల్ దేశం విడిచి క్యూబా, న్యూయార్క్, పారిస్‌లలో గడిపాడు. 1939లో తిరిగి వచ్చేసరికి ఫ్రాంకో గెలిచాడు; కేంద్రం అంతరించింది. ఆయన సహచరులు నవర్రో తొమాస్, అమెరికో కాస్త్రో అమెరికాలోనే ఉండిపోయారు. పిడాల్ అకాడమీ అధ్యక్ష పదవి వదులుకున్నాడు; 1947లో మళ్లీ ఎన్నికై చనిపోయేదాకా కొనసాగాడు.

ఆయన పరిమితి కూడా చెప్పుకోవాలి. ఆయన దృష్టిలో స్పెయిన్‌కు కేంద్రం కాస్టీలే. 1929లో సిద్ చరిత్రను జాతి ఆదర్శంగా చిత్రించాడు. ఆ సిద్‌నే ఫ్రాంకో తన జెండాకు కట్టుకున్నాడు. 1955లో బుర్గోస్‌లో సిద్ విగ్రహాన్ని ఆవిష్కరించింది స్వయంగా ఆయనే. వీరుణ్ణి శిఖరానికెక్కిస్తే నియంత వచ్చి పక్కన నిలబడటం తేలిక. ఇది పండితుడి ఉద్దేశం కాకపోవచ్చు గాని, ఫలితం మాత్రం అదే.

అయితే 1962లో ఆస్టూరియాస్ గని కార్మికులు సమ్మె చేసినప్పుడు, వార్తలు తొక్కిపెట్టవద్దని మేధావులు రాసిన లేఖపై తొంభై మూడేళ్ల పిడాల్ సంతకం ఉంది.

సిద్‌ను రాజ్యం తీసుకుపోగలిగింది. బట్టలుతికే స్త్రీ పాటను తీసుకుపోలేకపోయింది, ఎందుకంటే అది ఏ ఒక్కరి పాఠమూ కాదు. పరిశోధన మొదలుపెట్టే విద్యార్థులు ఈ తేడాను ముందుగా గ్రహించాలని నా మనవి.