ఎండకాలపు బడి అన్నము

మన పల్లెలలో ఏప్రిల్ నాలుగవ వారమున బడికి తాళము పడిన నాటినుండి జూన్ రెండవ వారమున మరల గంట మ్రోగు నాటివరకు, ఇంచుమించు ఏడు వారములపాటు, మధ్యాహ్నము బడిలో వేడి అన్నమునకు అలవాటుపడిన కూలివాని బిడ్డ ఆ పూట ఏమి తినుచున్నదను ప్రశ్న చిరకాలము ప్రభుత్వ దస్త్రములలో స్థానము పొందలేదు. పొలము పనులు సన్నగిల్లి, చెరువు లెండి, పాలమూరు, అనంతపురము వంటి సీమలనుండి కుటుంబములు మూటాముల్లె కట్టుకొని వలసపోవు కాలము సరిగా అదియే. ఇంట గింజలు నిండుకొను నెలలలోనే బడిపొయ్యియు ఆరిపోవుట యీ వ్యవస్థకు పుట్టుకతో వచ్చిన లోపము.

ఏలయనగా, మన దేశమున క్షామనివారణము ఒక శాఖవారి పని, బడి అన్నము వేరొక శాఖవారి పని. 1920లో మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడై యుండిన పిట్టి త్యాగరాయ సెట్టి, థౌజండ్ లైట్సులోని కార్పొరేషన్ పాఠశాలలో ఒక్కొక్క విద్యార్థికి దినమునకు అణా మించని వ్యయముతో ఫలహారము పెట్టించుటకు అనుమతి పొందినప్పుడు, ఆయన యుద్దేశించినది బడికి రాని పిల్లలను బడికి రప్పించుట. 1956లో ముఖ్యమంత్రి కామరాజు ఆ పద్ధతిని రాష్ట్రమంతట వ్యాపింపజేసినప్పుడును లక్ష్యము విద్యయే. 1952 నాటి కరవులో రాయలసీమ పల్లెలయందు వెలసిన గంజి కేంద్రములు మాత్రము హాజరుపట్టీ నెరుగవు. ఆకలిగొన్నవాడు వచ్చి నిలిచిన చాలును. ఈ రెండు ధారలును అర్ధశతాబ్దికి పైగా కలియకయే ప్రవహించినవి.

1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము ఆరంభించిన జాతీయ పథకము సైతము హాజరునే పట్టుకొన్నది. నూటికి ఎనుబది హాజరున్న బిడ్డకు నెలకు మూడు కిలోల ధాన్యమిచ్చి, వండిపెట్టు బాధ్యతను పెక్కు రాష్ట్రములు ప్రక్కకు నెట్టినవి. 2001లో రాజస్థానము కరవుతో కుములుచుండగా భారత ఆహార సంస్థ గిడ్డంగులు ధాన్యముతో నిండియుండుట చూచి సహింపజాలక, పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ వారు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. ఆ సంవత్సరము నవంబరు 28న న్యాయస్థానము, ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలోను 300 కాలరీలు, 8 మొదలు 12 గ్రాముల మాంసకృత్తులు గల వండిన భోజనమును ఏటికి కనీసము 200 దినములు పెట్టవలెనని శాసించెను. ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో మహిళాసంఘముల చేతులమీదుగా పొయ్యిలు వెలిగినవి. మేలే జరిగినది, కాని తక్కిన 165 దినములమాట ఎవ్వరును ఎత్తలేదు.

ఆ మాట నెత్తినది 2004 ఏప్రిల్ 20 నాటి ఉత్తర్వు. కరవు ప్రాంతములయందు వేసవి సెలవులలో సైతము మధ్యాహ్న భోజనము పెట్టవలెనని అందు న్యాయస్థానము స్పష్టముగా చెప్పెను. గంజి కేంద్రమును బడిని ఒక్క వాక్యముతో కలిపిన యీ ఉత్తర్వునకు మన సాంఘిక చరిత్రలో దొరకవలసిన గౌరవము ఇంకను దొరకలేదని నా దృఢవిశ్వాసము.

అయితే కరవు కలదని ప్రకటించు అధికారము రాష్ట్రప్రభుత్వమునది. వర్షపాతము, విత్తిన విస్తీర్ణము, వానల నడుమ ఎడము లెక్కగట్టి మండలములను ప్రకటించు పద్ధతిలో, ఆ జాబితాకెక్కిన మండలమున బిడ్డకు అన్నము, ఎల్లకావల ప్రక్కయూరి బిడ్డకు లేమి. ఇద్దరి తండ్రులును ఒకే మేస్త్రీ వెంట వలసపోయిన వారైనను సరియే! వానలెక్క పొలమునకు తగినది. బిడ్డ కడుపునకు అది తగిన కొలత కాదు. 2013 నాటి ఆహారభద్రతా చట్టము పదునాలుగేండ్లలోపు బిడ్డలకు బడి భోజనమును హక్కుగా నొసగుచునే, బడి సెలవు దినములను మినహాయించినది.

మరల 2016లో, స్వరాజ్ అభియాన్ సంస్థవారి వ్యాజ్యమున, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు మదన్ బి. లోకూర్, ఎన్.వి. రమణ గారలు మే 13న తీర్పు వెలువరించుచు, తెలుగు రాష్ట్రములు రెండును చేరిన కరవు రాష్ట్రములన్నింటను సెలవులలో భోజనము కొనసాగవలెననియు, గ్రుడ్డుగాని పాలుగాని వారమున కనీసము మూడు దినము లీయవలెననియు, ధనాభావమును సాకుగా చూపరాదనియు ఆదేశించిరి.

తీర్పు వచ్చినంతనే పొయ్యి వెలుగదు. వంట చేయు తల్లులకు కేంద్రము నిర్ణయించిన వేయి రూపాయల గౌరవవేతనము ఏటికి పది నెలలకే గాని పండ్రెండు నెలలకు కాదు. మండుటెండలో కట్టెపొయ్యి ముందు కూర్చుండు ఆమెకు వేసవి కూలి యీయకయే వేసవి అన్నము వండింప జూచుట అన్యాయము. బడి తెరచుటకు ఉపాధ్యాయుడు రావలెను, నీరుండవలెను, అమ్మమ్మగారి యూరికి పోయిన బిడ్డకు అచటి బడిలోనే విస్తరి వేయవలెను. ఇవన్నియు ఉత్తర్వుతోపాటే నిర్ణయింపవలసిన సంగతులు.

నిర్ణయించిన జరుగునని 2020 తెలిపినది. మహమ్మారి బడులను మూయించిన ఆ యేడు ఏప్రిల్ 28న, కేంద్రము కరవు మండలముల పరిమితి లేకయే దేశమంతట వేసవి సెలవులకును భోజనమునో, దానికి మారుగా భత్యమునో ఇచ్చుటకు సమ్మతించి, అదనపు వ్యయము 1600 కోట్లని అంచనా వేసెను. ఆంధ్రప్రదేశమున బియ్యము, గ్రుడ్లు, వేరుసెనగ చిక్కీలు బడి పిల్లల యిండ్లకే చేరినవి. వేసవి సెలవులకు సంబంధించిన ఆ కేంద్రనిర్ణయము మాత్రము ఆ యొక్క పర్యాయమునకే వర్తించు ప్రత్యేక ఏర్పాటుగా ప్రకటింపబడినది.