జతలేని రికార్డుల క్వెరీ

జతలేని రికార్డుల క్వెరీ అనగా పరస్పర సంబంధం గల రెండు డేటాబేసు పట్టికలలో, ఒకదానిలో ఉండి రెండవదానిలో జత దొరకని రికార్డులను వెలికితీసే ప్రశ్న. ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాపై ఆధారపడిన డేటాబేసులలో దీనిని విరివిగా వాడతారు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఇందుకు ప్రత్యేకంగా ఒక విజార్డు ఉంది. జత దొరకనంత మాత్రాన ఆ రికార్డు తప్పని చెప్పలేము. పోల్చిన తీరులోనే దోషం ఉండవచ్చు.

ఉదాహరణ

ఒక పట్టికలో మండలాలు, మరొక పట్టికలో పాఠశాలలు ఉన్నాయనుకుందాం. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా ఏర్పడినపుడు ఆళ్లగడ్డ మండలం కొత్త జిల్లాలో చేరింది. పాఠశాలల పట్టికలో పాత జిల్లా పేరే మిగిలిపోతే, జిల్లా, మండలం రెండింటినీ పోల్చే క్వెరీలో ఆళ్లగడ్డ పాఠశాలలన్నీ జతలేనివిగా కనబడతాయి.

జిల్లా పేరు సరిచేసిన తరువాత కూడా చిక్కు తీరకపోవచ్చు. ఈ ఊరి పేరును "ఆళ్లగడ్డ" అనీ, "ఆళ్ళగడ్డ" అనీ రెండు విధాలుగా వ్రాస్తారు. చదువరికి రెండూ ఒకటే. యూనికోడ్‌లో ల, ళ అక్షరాలకు వేర్వేరు సంకేతాలు ఉన్నందున కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. ఇటువంటి వరుసలను తప్పుడు నమోదులుగా భావించి తొలగిస్తే, నడుస్తున్న బడులు జాబితా నుండి మాయమై, వాటికి పాఠ్యపుస్తకాలు అందకపోయే ప్రమాదం ఉంది.

సాధారణ దోషాలు, సవరణలు

* నల్ విలువలు: "నాట్ ఇన్" వాడినపుడు లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఫలితంలో ఏ వరుసా రాదు. "నాట్ ఎగ్జిస్ట్స్"కు ఈ ఇబ్బంది లేదు.
* షరతు స్థానం: "లెఫ్ట్ జాయిన్"లో కుడి పట్టికకు చెందిన షరతును "వేర్" భాగంలో ఉంచితే జతలేని వరుసలు రాలిపోతాయి. ఉదాహరణకు, ఉన్నత పాఠశాల లేని మండలాలు కావాలంటే "ఉన్నత" అనే షరతు "ఆన్" భాగంలో ఉండాలి.
* నల్ పరీక్ష: కుడి పట్టికలో ఎన్నడూ ఖాళీగా ఉండని ప్రాథమిక కీపై "ఈజ్ నల్" పరీక్ష జరపాలి. ప్రామాణిక ఎస్‌క్యూఎల్‌లో నల్‌ను సమానం గుర్తుతో పోల్చరాదు.
* కనబడని అక్షరాలు: పేరుకు ముందు, వెనుక ఉన్న ఖాళీలను "ట్రిమ్" తొలగిస్తుంది. తెలుగు టైపులో చేరే జీరో-విడ్త్ నాన్-జాయినర్‌ను విడిగా తీసివేయాలి.
* దిశ: ఈ క్వెరీ ఒక వైపు లోటునే చూపుతుంది. పట్టికలను తారుమారు చేసి మరొకసారి నడపాలి.

నివారణ

పేర్లకు బదులు కోడ్లతో పట్టికలను కలపడం మేలు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు విడివిడి కోడ్లు ఉన్నాయి. పట్టికల మధ్య ఫారిన్ కీ నిబంధన విధిస్తే, మండలాల పట్టికలో లేని కోడ్ పాఠశాలల పట్టికలోకి చేరదు.

ఇవి కూడా చూడండి

* డేటాబేసు
* ఎస్‌క్యూఎల్
* యూనికోడ్
* నంద్యాల జిల్లా